గ్రూపులో పెట్టిన ఇల్లు

ఉపేంద్ర మంచివాడే, అందులో ఎవరికీ అనుమానం లేదు. సిగరెట్టు ముట్టడు, పేకాట ఎరగడు, పెళ్ళాం మాటకి ఎదురుచెప్పడు. ఉన్నది ఒక్కటే జబ్బు, నోట్లో నువ్వుగింజ నానదు. కారు కొనాలని ఇంట్లో అనుకుంటే చాలు, తెల్లారేసరికి దాని రంగు కూడా స్నేహితులందరికీ తెలిసిపోతుంది. అలాంటి మనిషి చేతికి వాట్సాప్ ఒకటి దొరికింది. ఇంక కుసుమ బతుకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

సిడ్నీ వచ్చిన దగ్గర్నుంచి వాళ్ళవి అద్దె ఇళ్ళే. ఒక ఓనరు ఇల్లు అమ్ముకుంటానన్నాడు, ఒకావిడ కూతురికి పెళ్ళయింది ఖాళీ చెయ్యమంది, ఇంకొకాయన అద్దె ఒక్కసారే అంత పెంచితే వీళ్ళే దణ్ణం పెట్టి బయటికొచ్చారు. సామాను సర్దడం, విప్పడం కుసుమకి పండగల్లాగా ఏడాదికోసారి వచ్చే పనైపోయింది. ఆవిడ ఓర్చుకునేది. ఓర్చుకోలేనిది కూతురి సంగతి. లాస్యకి పదకొండేళ్ళు. ఇల్లు మారినప్పుడల్లా బడి మారింది. కిందటేడు మారినప్పుడు ఆ పిల్ల ఏడవలేదు, గొడవ చెయ్యలేదు, కొత్త క్లాసులో ఎవరితోనూ మాట్లాడలేదు. టీచరు పిలిచి చెబితే కుసుమ కారులో కూర్చుని ఏడ్చింది. ఈ ఏడే, స్కోఫీల్డ్స్ పేటకి వచ్చాక, ప్రియ అనే స్నేహితురాలు దొరికి పిల్ల మళ్ళీ బడి నుంచి నవ్వుకుంటూ వస్తోంది.

సరిగ్గా అప్పుడే ఈ ఇంటి ఓనరు గారి అబ్బాయి మెల్‌బోర్న్ నుంచి తిరిగొస్తున్నాడట, ఇల్లు ఖాళీ చెయ్యమని కబురొచ్చింది.

"ఈసారి అద్దెకి కాదండీ, కొనేద్దాం," అంది కుసుమ. "అది కూడా ఈ స్కూలు జోన్‌లోనే, పిల్ల బడి మారకుండా. అవతల రూపాయికి ఇల్లిచ్చినా నాకొద్దు."

అద్దెకి ఆ చుట్టుపక్కల ఏమీ లేవు. కొనడానికి ఉన్నవి వీళ్ళ తాహతుకి అందనివి. ఆఖరికి స్టేషనుకి దగ్గర్లో ఒక పాత ఇటుక ఇల్లు వేలానికి వచ్చింది. పైన పెంకులు, లోపల ఎప్పటిదో ఆకుపచ్చ బాత్రూము, వెనకాల నిమ్మచెట్టు. లాస్య బడికి నడిచి వెళ్ళిపోవచ్చు. చూడటానికి జనాన్ని వదిలిన ఆ కాస్తసేపూ ఉపేంద్ర ఫ్రిజ్ పట్టే చోటు ఉందా లేదా అని టేపు పట్టుకుని కొలుస్తున్నాడు. కుసుమ వాకిట్లో నిలబడింది. పొద్దున పది. వాకిలంతా నీడ. ఇంటి వెనక్కి వెళ్ళి చూస్తే నిమ్మచెట్టు మీదా, వెనక వరండాలోనూ ఎండ భగభగలాడుతోంది. ఆవిడ అక్కడ ఒక నిమిషం ఆగింది. తర్వాత ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చి బాత్రూము బాగానే ఉందంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఉపేంద్ర ఏజెంటు ఇచ్చిన ప్లాను కంచం పక్కన పరుచుకున్నాడు. "తూర్పు ముఖం కుసుమా! ఇటు చూడు, వాకిలి కుడివైపుకుంది, అంటే తూర్పేగా. ఈశాన్యంలో చిన్న గది, అక్కడ దేవుణ్ణి పెట్టేద్దాం. వంటిల్లు కొలిచి పెట్టినట్టు ఆగ్నేయంలో కూర్చుంది. ఈ తెల్లోడు ఎవడో మన పంతులుగారిని అడిగే కట్టుంటాడు!"

"అలాగా," అంది కుసుమ, పప్పు వడ్డిస్తూ. ప్లాను మూలనున్న బాణం గుర్తు కేసి ఆవిడ చూడనే లేదు.

ఆమె స్నానానికి వెళ్ళొచ్చేలోగా ఆ మహానుభావుడు చెయ్యాల్సింది చేసేశాడు. స్కోఫీల్డ్స్ తెలుగువాళ్ళందరూ ఉన్న గ్రూపులో ప్లాను పెట్టి, 'పెద్దలు వాస్తు చూసి చెప్పగలరు' అని రాశాడు. పెద్దలు ఊరుకుంటారా? క్షణాల్లో చెప్పారు. శేషాద్రి అంకుల్ అయితే, ఆయన రిటైరైన ఇంజనీరు, ఆ గ్రూపు మొత్తానికీ వాస్తు చూసేది ఆయనే, ఏకంగా వాయిస్ మెసేజ్ పెట్టారు: "ఉపేంద్రా, ఇలాంటి ఇల్లు ఈ దేశంలో దొరకదయ్యా. కళ్ళు మూసుకుని కొనెయ్."

"మీరు చేసిందేమిటో తెలుస్తోందా?" స్నానం చేసొచ్చి ఆ మెసేజ్ విన్న కుసుమ తువ్వాలు విసిరికొట్టింది.

"సలహా అడిగానే, తప్పేముంది?"

"కొనకముందే ఊరందరికీ అడ్రసుతో సహా ఇచ్చొచ్చారు. మన కొంప మనమే ముంచుకున్నాం!"

అప్పుడు గానీ ఆయన నాలిక కరుచుకోలేదు. మెసేజ్ చెరిపేశాడు. చూడాల్సినవాళ్ళంతా అప్పటికే చూసేశారు.

వేలం శనివారం. ఆకాశం మబ్బు పట్టి, సూర్యుడు ఎక్కడున్నాడో తెలియకుండా ఉంది. కారు దిగి ఆ ఇంటి ముందు జనాన్ని చూడగానే కుసుమ గుండెల్లో రాయి పడింది. పచ్చిక మీద నిలబడ్డవాళ్ళలో సగం మంది తెలిసిన మొహాలే! రాజారావు, ఆయన భార్య వైశాలి, వెనకాల వైశాలి అన్నగారు, ఇంకా గుడిలో ప్రసాదాల దగ్గర పలకరించుకునే ఇద్దరు ముగ్గురు. అందరి చేతుల్లోనూ వేలం పాడటానికి ఇచ్చే నెంబరు కార్డులు. ఒక్కొక్కళ్ళూ వీళ్ళని చూసి, చూడనట్టు చూసి, ఇంక తప్పక నవ్వారు.

"ఊరికే చూసిపోదామని వచ్చాం అక్కా," అంది వైశాలి, కార్డు వెనక్కి దాచుకుంటూ.

"చూడండి, చూడండి. మంచి ఇల్లు," అంది కుసుమ. లోపల మాత్రం మొగుణ్ణి ఉప్పూకారం లేకుండా నమిలేస్తోంది. ఉపేంద్ర తలెత్తితే ఒట్టు. లాస్య వాళ్ళిద్దరి మధ్యా నిలబడి బూటు ముందుభాగంతో గడ్డిని తడుతోంది.

వేలం మొదలవడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. శేషాద్రి అంకుల్ కూడా వచ్చారు. ఆయన కొనడానికి రాలేదు, పాపం. తాను మెచ్చుకున్న ఇంటిని కళ్ళారా చూసుకుందామని వచ్చారు. ఆయన పద్ధతి ప్రకారం గడప ముందు నిలబడి, చెప్పులు విప్పి, ఫోనులో దిక్సూచి తెరిచి, అరచేతిలో పళ్ళెంలాగా పట్టుకున్నారు. ఒకసారి చూశారు. ఫోను దులిపి మళ్ళీ చూశారు. రెండడుగులు ముందుకేసి ఇంకోసారి చూశారు.

"ఉపేంద్రా! ఇది తూర్పు కాదయ్యా!"

పచ్చిక మీద తెలుగువాళ్ళందరూ ఒక్కసారి తిరిగారు. మిగతావాళ్ళు ఏదైనా ప్రమాదం జరిగిందేమోనని చూశారు.

"తూర్పు కాదేంటి అంకుల్, ప్లానులో…"

"ఏదీ ఆ ప్లాను!" ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. "పై వైపు ఉత్తరం అనుకున్నావా? బాణం చూడు! ఎడమవైపుకి తిరిగుంది! నేనూ చూసుకోలేదు, నా మతి మండ. ఇది దక్షిణ ముఖం. నువ్వు దేవుడి గది అనుకున్నది ఆగ్నేయం. వంటిల్లు నైరుతిలో పడిందయ్యా బాబూ!"

ఇంక ఆ తర్వాత జరిగింది చూడాల్సిందే గానీ చెబితే కాదు. రాజారావుకి హఠాత్తుగా పిల్లాడి క్రికెట్టు గుర్తొచ్చింది. వైశాలి అన్నగారికి ఎక్కణ్ణించో ఫోను వచ్చింది, మోగకుండానే. ఒక్కొక్కళ్ళూ కార్డులు ఏజెంటు బల్ల మీద పెట్టేసి, కుసుమ భుజం తట్టి, మెల్లగా జారుకున్నారు. ఏజెంటు కుర్రాడు ఇంతమంది ఎందుకెళ్ళిపోతున్నారో అర్థంకాక ఇంట్లో గ్యాసు గానీ లీకవుతోందా అని లోపలికెళ్ళి చూసొచ్చాడు.

"మనమూ పోదాం పద," అన్నాడు ఉపేంద్ర. మొహంలో నెత్తురు లేదు. "దక్షిణ ముఖం ఇంట్లో నేనుండలేను. అమ్మకి చెబితే అన్నం మానేస్తుంది."

కుసుమ కదల్లేదు. ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఆశ్చర్యం లేదు. పదిహేనేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలుస్తుంది.

"నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీరు ఫ్రిజ్ కొలుస్తున్నప్పట్నుంచి. పొద్దున పదింటికి వాకిట్లో చుక్క ఎండ లేదు. తూర్పు ముఖం ఎలా అవుతుంది?"

"మరి చెప్పలేదేం?"

"చెబితే వచ్చేవారా?"

రానని ఆయనకీ తెలుసు. కుసుమ ఆయన చేతిలోంచి నెంబరు కార్డు తీసుకుంది. ఇద్దరి పేర్ల మీదా ఉన్న కార్డే అది. "మీరు పక్కన నిలబడండి చాలు. పాపం వస్తే నాకు రానివ్వండి," అంది.

వేలం వేసేవాడు గొంతు సవరించుకున్నాడు. మిగిలింది కొందరే. రెండు మూడు పాటల్లో వాళ్ళూ తగ్గారు. ఆఖరికి కుసుమకి ఎదురుగా ఒకే ఒక్కడు నిలబడ్డాడు. నల్ల కళ్ళజోడు, చేతిలో కాఫీ కప్పు. ఇల్లు పడగొట్టి రెండు కొత్తవి లేపుతానని పక్కవాడితో పైకే చెబుతున్నాడు. కుసుమ కార్డు ఎత్తడం, అతను కప్పు ఎత్తడం. అలా అలా పాట వాళ్ళు ఇంట్లో ఒట్టేసుకున్న హద్దు దగ్గరికి వచ్చింది. కుసుమ ఆ హద్దు పలికింది.

కాఫీ మనిషి తాపీగా ఇంకొంచెం పెంచాడు.

వేలం వేసేవాడు ఆవిడ కేసి చూశాడు. కుసుమ కార్డు కిందికి దిగిపోయింది. ఎత్తాలని ఉంది, ఎత్తడానికి లేదు. ఒట్టంటే ఒట్టే, బ్యాంకువాడు ఆపైన ఒక్క డాలరు ఇవ్వనన్నాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొదటిసారి అన్నాడు వేలం వేసేవాడు. రెండోసారి అన్నాడు.

లాస్య తండ్రి చొక్కా అంచు పట్టుకుంది. తెలుగులో అన్నదంతా ఆ పిల్లకి అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లీషులోనే. "ఇట్స్ ఓకే నాన్నా," అంది నెమ్మదిగా. "ఐయామ్ యూజ్డ్ టు ఇట్."

అది వేళాకోళం కాదు, నిష్ఠూరం కాదు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని ఓదార్చినట్టు చెప్పింది. ఉపేంద్ర ఒక్క క్షణం దాని కేసి చూశాడు. పదకొండేళ్ళ పిల్ల తనని ఓదార్చడం ఏమిటి? వచ్చే ఏడు అందరూ ఇండియా వెళ్ళడానికని దాచిన డబ్బుంది. అమ్మ ఇంకో ఏడాది ఎదురు చూస్తుంది. కుసుమ చేతిలోంచి కార్డు లాక్కుని, వీధంతా వినబడేటట్టు అరిచాడు. మామూలుగా వేలంలో అంకె చెబుతారు, ఈయన "నేనిస్తా!" అని తెలుగులో అరిచాడు. తర్వాత సర్దుకుని ఇంగ్లీషులో అంకె చెప్పాడు.

కాఫీ మనిషి కప్పులోకి చూసుకున్నాడు. లెక్కేసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

మొదటిసారి. రెండోసారి. మూడోది, ఆఖరిది. వేలం వేసేవాడు చేతిలో చుట్టిన కాగితంతో అరచేతి మీద ఒక్కటిచ్చాడు. ఇల్లు వాళ్ళది.

కుసుమ అక్కడే పచ్చిక మీద కూలబడి నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒకేసారి. శేషాద్రి అంకుల్ ఇంకా వెళ్ళలేదు. దగ్గరికొచ్చి, "వెనక వైపు ఉత్తరం కదమ్మా," అన్నారు ఇబ్బందిగా. "ఆ వరండా గుమ్మం పెద్దది చేయించుకుని రాకపోకలు అటు పెట్టుకుంటే దోషం చాలావరకు పోతుంది." పాపం, ఆయన చెయ్యగలిగింది ఆయన చేశారు.

ఇంతలో పక్కింటి ముసలావిడ కంచె మీదుగా వంగి, మీరు చాలా అదృష్టవంతులని అభినందించింది. వెనక పెరడు ఉత్తరానికి ఉన్న ఇల్లు ఈ దేశంలో అందరూ వెతుక్కునేదట. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు గనక చలికాలమంతా లోపలికి ఎండొస్తుందట, హీటరు అక్కర్లేదట, అసలు ఈ వీధిలో ఈ వరస ఇళ్ళకే ధర ఎక్కువట.

ఉపేంద్ర శేషాద్రి అంకుల్ని చూశాడు, ముసలావిడని చూశాడు. "మరి ఇంతకీ ఈ ఇల్లు మంచిదా, కాదా?"

"ఉంటే తెలుస్తుంది," అంది కుసుమ కళ్ళు తుడుచుకుంటూ. "ఏళ్ళ తరబడి ఉందాం. తేలిగ్గా తెలుస్తుంది."

ఆయనకి నవ్వొచ్చింది. కొన్నేళ్ళుగా భుజాల మీద మోస్తున్నదేదో దింపినట్టు హాయిగా నవ్వాడు. సంతకాలకి ఏజెంటు కుర్రాడు లోపలికి పిలుస్తున్నాడు. గడప దగ్గర చెప్పులు విప్పి, ఏమైనా ఇల్లు ఇల్లేనని కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళాడు.

కుసుమ వెనకాలే వెళ్ళబోతుంటే లాస్య ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. మొహం ఎర్రగా ఉంది.

"అమ్మా, కెన్ ఐ యూజ్ యువర్ ఫోన్? ప్రియకి కాల్ చెయ్యాలి."

"సాయంత్రం చేద్దువులేవే. ఇప్పుడెందుకంత తొందర?"

లాస్య నేల చూపులు చూసింది. "నిన్న స్కూల్లో దానికి బై చెప్పేశాను," అంది. "ఫర్ గుడ్. జస్ట్ ఇన్ కేస్."

లోపలినుంచి ఉపేంద్ర పిలుస్తున్నాడు, ఏజెంటు పిలుస్తున్నాడు. కుసుమ ఫోను తీసి కూతురి చేతిలో పెట్టి, అవతల ప్రియ ఎత్తేదాకా అక్కడే నిలబడింది.