రెండో తాళం

ఏమోయ్ అల్లుడూ, మెడలో తాళంచెవి వేలాడేసుకుని అద్దం ముందు నుంచి కదలవేం? పెళ్ళినాడు కూడా ఇంత సింగారం చూడలేదు నీలో! యూనియన్ పెట్టెకి కాపలాదారువయ్యావట. మీ అత్తయ్య చక్కెర డబ్బాకి కాపలా పెడితే డబ్బా అడుగు నాకిన ఘనుడివి! సరే, కూర్చో. మన లాండ్రీలోనే ఇలా మెడలో తాళంచెవితో తిరిగిన ఒకాయన చివరి రోజు చెప్తా. నవ్వొస్తే నవ్వుకో, నేనేమీ అనుకోను.

ఆ పొద్దున కూడా ఆయన దుప్పట్లు మడుస్తున్నాడు. ఆసుపత్రి దుప్పట్లు. పొట్టి మనిషి, జారిన భుజాలు, ఆవిరికి పలచబడిన కనుబొమలు. వేళ్ళ కొసలు ఎప్పుడూ నానిపోయి, తెల్లగా ముడతలు పడి ఉండేవి. అంచు లోపలికి తిప్పి, మధ్యలో అరచేత్తో ఒక్క చరుపు చరిచేవాడు. వార్డుల్లో నర్సులు కూడా చూడగానే "ఇది తాళం బాబాయ్ మడత" అనేవారు.

ఆ పేరు పెట్టెవల్ల వచ్చింది. సమ్మె జరిగితేనో, పనిలో ఎవరికైనా చెయ్యో కాలో దెబ్బతింటేనో తప్ప తెరవకూడదని యూనియన్ పెట్టిన ఇనప్పెట్టె అది. జీతం రోజున అందరూ మూతమీది చీలికలోంచి తలా కొంత వేసేవారు. బ్యాంకులో వేద్దామని ఎవరో అంటే కార్యదర్శి నవ్వాడు.

"బ్యాంకులో డబ్బు ఎవరికి కనిపిస్తుందయ్యా? పెట్టయితే మన కళ్ళ ముందుంటుంది. ఒక తాళం నాది, ఒక తాళం మీలో ఒకరిది. రెండూ తిరిగితేనే మూత లేస్తుంది. ఇంకేం కావాలి?"

గది దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. రెండో తాళంచెవి ఎవరికని అడిగితే అన్ని వేళ్ళూ ఆయన వైపే తిరిగాయి. తిరగవా మరి! దుప్పట్లో చుట్టుకొచ్చిన కట్టుడు పళ్ళు పట్టుకుని వార్డు వార్డూ తిరిగి, సొంతదారుణ్ణి వెతికి, నోట్లో పెట్టించి వచ్చిన మనిషి.

అప్పట్నుంచి ఆ చెవి ఆయన మెడ దిగలేదు. స్నానమూ దానితోనే, నిద్రా దానితోనే. "నా చెయ్యి పట్టుకున్ననాడు కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదు" అని ఆయన భార్య దెప్పేది. తీరిక దొరికినప్పుడల్లా మెషీన్లకి వేసే నూనె డబ్బా తీసుకెళ్ళి రెండు తాళాలకీ చుక్క చుక్క వేసి, చొక్కా అంచుతో తుడిచి వచ్చేవాడు.

ఆ రోజు పెట్టె మొదటిసారి తెరవాల్సిన పని పడింది. ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేసే అమ్మాయి చెయ్యి రోలర్ల మధ్య పడి నలిగింది. వెంటనే ఆపరేషన్ చేయిస్తే వేళ్ళు దక్కుతాయన్నారు. ఆ ఆసుపత్రి దుప్పట్లు ఉతకడానికి ఆ పిల్ల పనికొచ్చింది గానీ, మంచం ఎక్కాలంటే మాత్రం ముందు డబ్బు కట్టాలి. కట్టుతోనే వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"బాబాయ్, ఇవాళ నిజంగా తెరుస్తారంటావా?"

"తెరవకపోతే ఈ చెవి దేనికే? మధ్యాహ్నానికి నీ డబ్బు నీ చేతిలో... అదే, రెండో చేతిలో ఉంటుంది."

నొప్పిలో కూడా నవ్విందా పిల్ల.

మధ్యాహ్నం యూనియన్ గది కిక్కిరిసింది. రెండు చెవులూ తిరిగాయి. మూత లేచింది. పైన పలచగా, మొన్నటి జీతం రోజున వేసిన నోట్లు. వాటి కింద దుప్పట్లు. దుప్పట్ల లోపల ఇటుకలు.

చక్కగా మడిచిన దుప్పట్లు. అంచు లోపలికి తిప్పి.

"ఆ మడత..." అని వెనక ఎవరో అని, ఆగిపోయారు.

కార్యదర్శి కళ్ళద్దాలు తీసి నెమ్మదిగా తుడుచుకున్నాడు. "నేనెవర్నీ ఏమీ అనడం లేదు. నా చెవంటే ఆఫీసు గోడకి వేలాడుతుంటుంది, ఎవడైనా తీసుకోవచ్చు. మీది మాత్రం మీ మెడ దిగదు కదండీ!"

ఆయన వంగి, పెట్టెని గోడ దగ్గర్నుంచి ఈడ్చాడు. వెనకవైపు తుప్పు పట్టి ఎర్రగా ఉంది. మూతని పట్టి ఉంచే బందులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. వాటిలోని చీల వేలితో నెడితే సర్రున బయటికొచ్చింది. తాళాల జోలికి పోకుండా మూతని వెనక నుంచి ఎత్తుకోవచ్చు.

"తాళాలకి నూనె నేనే వేశాను. వీటికెవరు వేశారయ్యా?"

"నూనె డబ్బా ఎవరి చేతిలో ఉంటుందో మేం చెప్పాలా?" అన్నాడు కార్యదర్శి. ఒకరిద్దరు నవ్వారు.

ఆయన ఎవరి వైపూ చూడలేదు, ఆ పిల్ల వైపే చూశాడు. ఆమె కట్టు కట్టిన చేతిని మెల్లగా వెనక్కి దాచుకుంది.

"నువ్వా బాబాయ్?"

మెడలో దారం ముడి విప్పబోయాడు. నానిన వేళ్ళకి అది లొంగలేదు. దారాన్ని అలాగే తలమీదుగా తీసి పెట్టెమీద పెట్టి, లాండ్రీలోకి వెళ్ళిపోయాడు. మిగిలిన దుప్పట్లన్నీ మడిచాడు. పనివేళ అయిపోయాక ఆ పిల్ల ఏం చెప్పాలనుకుందో ఏమో, వెతుక్కుంటూ వచ్చింది. దొంతరకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఒళ్ళో సగం మడిచిన దుప్పటి, దానిమీద చరచడానికన్నట్టు ఆనించిన అరచెయ్యి. కునుకు తీస్తున్నాడనుకుని కాసేపు పక్కనే నిలబడింది. తర్వాత ఆ మడతే విప్పి ఆయనమీద కప్పారు.

సంతాప సభలో కార్యదర్శి కంటతడి పెట్టుకున్నాడు. అంత నిజాయితీపరుడు మళ్ళీ పుట్టడన్నాడు. పోయిన మనిషి పరువు తవ్వకూడదని విచారణ మానేశాడు. అందరూ చేతులెత్తి సరేనన్నారు. రోజూ గేటు దగ్గర ఎడమచేత్తో నీకు హాజరు వేస్తుందే, ఆవిడే ఆ పిల్ల.

నవ్వవేం అల్లుడూ? పాపం, భలే మోసపోయాడనుకుంటున్నావా? ఆయన చివరి పూటైనా పెట్టెని గోడ దగ్గర్నుంచి జరిపి వెనక చూశాడు. నువ్వు పొద్దుట్నుంచీ అద్దంలోకే చూస్తున్నావు. పెట్టెకి వేసిన కొత్త రంగు చూసి మురిసిపోకు. పెట్టె అదే, మళ్ళీ గోడకే ఆనించి ఉంది.

నీ మెడలో దారం కూడా అదే, చెమటకి నల్లబడి, ఆయన చేతికి ఊడిరాని ఆ ముడితో సహా.