నీళ్ళు పోసే చెయ్యి

మధ్యాహ్నం గంట కొట్టగానే నాముబిరు జగ్గు నింపుకొని, గేటు పక్కన బేసిను ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మగాళ్ళు ఒకరి వెనక ఒకరు, నేల మీద పసుపు రంగుతో గీసిన గుండ్రాల్లో నిలబడ్డారు. సిమెంటు పట్టిన చేతులు, ఇనుప తుప్పు అంటిన చేతులు, గోళ్ళ సందున మట్టి ఇరుక్కున్న చేతులు ఒక్కో జతా ఆమె మొహం ముందుకొస్తున్నాయి. పోస్తోంది, సబ్బు అందిస్తోంది, మళ్ళీ పోస్తోంది. తలెత్తి చూసే ఓపిక కూడా లేదు, చేతుల్ని బట్టే ఎవరో తెలిసిపోతోంది. "ఆహా, నువ్విలా పోస్తుంటే మా ఇంట్లో ఉన్నట్టే ఉందమ్మాయ్," అన్నాడు ముసలి తాపీ మేస్త్రీ లుబోవా, చేతులు విదిలిస్తూ. ఆ తుంపర ఆమె మొహాన పడింది. వెనకవాళ్ళు నవ్వారు. నీకు ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది తాతా, నాకూ అలాగే ఉంది, అదే కదా నా ఖర్మ, అనుకుంది నాముబిరు. తర్వాతి చేతుల మీదికి జగ్గు వంచింది.

జబ్బు భయానికి కంపాలా అంతా మూతపడింది. కట్టడం పనులు మాత్రం సాగించుకోవచ్చన్నారు. కాకపోతే పనివాళ్ళు కట్టే చోటే తిని, కట్టే చోటే పడుకోవాలి. గేటు దాటినవాడు మళ్ళీ లోపలికి రాకూడదు, కొత్తవాడు అసలే రాకూడదు. కంపెనీవాళ్ళు ఆగమేఘాల మీద సర్దుకున్నారు. కింది అంతస్తులో చాపలు పరిచారు, రేకులతో వంటపాక వేశారు, నుదుటికి గురిపెట్టి జ్వరం చూసే పిస్తోలు తెప్పించారు. సిమెంటు మాలు మోసే ఆడవాళ్ళనేమో, "మీకు వేరే పడకలు ఎక్కడ తెచ్చేది?" అని ఇళ్ళకి పంపేశారు. నాముబిరు ఒక్కతే మిగిలింది. ఆమె మాలు మోసే మనిషి కాదు మరి, తాపీ మనిషి. ఏళ్ళ తరబడి తట్టలు మోస్తూ, మగాళ్ళు అన్నం తినే వేళ వాళ్ళ తాపీ అడిగి తీసుకుని గోడ చాటున చెయ్యి తిప్పి నేర్చుకున్న పని అది. మూలలు తీర్చడంలో ఆమెకి పేరు కూడా వచ్చింది. సిమెంటు గదిలో బస్తాల మధ్య పడుకుంటానని ఒప్పుకుంది కాబట్టి ఉంచారు.

తీరా గేటు మూశాక ఆ తాపీ సంచీలోంచి బయటికి వస్తే ఒట్టు. కుళాయి తిప్పితే అందరి చేతులూ దాని మీదే పడతాయి, అది కూడదని కొత్త నిబంధన. అంటే ఎవరో ఒకరు నీళ్ళు పొయ్యాలి. పొద్దున ఒకసారి, టీకి ఒకసారి, తిండికి, దొడ్డికెళ్ళి వచ్చినప్పుడల్లా. సూపర్వైజరు మాగెంబే అందరి మీదా ఒకసారి చూపు తిప్పాడు. ఆ చూపు ఎక్కడ ఆగుతుందో నాముబిరుకి ముందే తెలుసు. "రెండ్రోజులే అమ్మాయ్. కాలితో తొక్కితే నీళ్ళొచ్చే డబ్బా వస్తుంది," అన్నాడు. దుకాణాలే మూతపడితే డబ్బా ఎక్కణ్ణించి వస్తుంది? వారాలు గడిచాయి. పోస్తూ ఉండగానే పళ్ళాలందించడం కూడా ఆమె మీదే పడింది. పెద్దవాళ్ళకి మోకరిల్లి అందించకపోతే, "పెంపకం ఇలాగేనా?" అన్నట్టు చూసేవాళ్ళు. ఇంట్లో అయితే ఒక్క మొగుడూ ఒక్క అత్తా. ఇక్కడ మొగుళ్ళ పటాలమే దిగింది!

మొగుడు కిగ్గుండు కిరాయికి బోడా బండి నడుపుతాడు. మనుషుల్ని ఎక్కించుకోకూడదన్నాక మోటారు సైకిలు ఇంటి ముందు, మనిషి ఇంట్లో, రెండూ కదలడం మానేశాయి. ఆమె బయల్దేరే రోజున గుమ్మానికి చేరబడి, "పోయేదానివి పో, గతి లేదు కాబట్టి పంపుతున్నా. అంతమంది మగాళ్ళ మధ్య నా పరువు నీ చేతిలో ఉందని మర్చిపోకు," అన్నాడు. అత్త అయితే ఇంకా సూటిగా, "పెళ్ళాం ఇటుకల్లో పడుకుంటే నా కొడుకు పొయ్యి దగ్గర కూచోవాలా?" అంది. అత్తకి ఆ దిగులు అక్కర్లేకపోయింది. పొయ్యి దగ్గర కూచున్నది పదేళ్ళ కూతురు నకివాలా. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాముబిరుకి ఇంటికి వెళ్ళిపోవాలనిపించేది. కానీ ఎలా వెళ్తుంది? ఈ కట్టడం అయిపోతే జట్టు మరో చోటికి పోతుంది. ఇక్కడ ఎవరు ఏ పనిలో కనిపిస్తే అక్కడా అదే పని. అప్పటికి చేతిలో తాపీ లేకపోతే, మాగెంబే నోట తను నీళ్ళు పోసే ఆవిడగానే మిగిలిపోతుంది. మళ్ళీ తట్ట దగ్గర్నుంచి మొదలుపెట్టే వయసూ కాదు, అంత ఓపికా లేదు.

అలాంటి రోజుల్లో ఇద్దరు తాపీవాళ్ళు పెళ్ళాల మీద బెంగతో తెల్లారకముందే గోడ దూకి పోయారు. ఇక వాళ్ళు తిరిగి రావడానికి లేదు, వాళ్ళ బదులు ఇంకొకరిని తేవడానికీ లేదు. పై అంతస్తు గోడలు ఇటుకలు కనిపిస్తూ అలాగే నిలబడ్డాయి. మాగెంబే తల గోక్కుంటూ బేసిను దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, రేపట్నుంచి నీ తాపీ తియ్యి. పైన పనుంది."

ఎన్నాళ్ళకి విన్న మాట! నాముబిరుకి ఏడుపొచ్చినంత పనైంది. జగ్గు కింద పెట్టి లేవబోయింది.

"ఆ, గంట కొట్టినప్పుడల్లా దిగొచ్చి నీళ్ళు పోసి వెళ్దువుగాని," అన్నాడతను.

"రెండూనా?"

"ఏం, ఇంట్లో రెండూ చెయ్యట్లా?"

అతను ఎగతాళిగా అనలేదు. చాలా మామూలుగా, వానొస్తే తడుస్తాం కదా అన్నంత మామూలుగా అన్నాడు. నాముబిరుకి కోపం కూడా రాలేదు. ఒళ్ళంతా ఒక్కసారిగా బరువెక్కిపోయింది. ఎప్పటి అలసటో తెలియదు, పుట్టింట్లో అన్నలకి నీళ్ళు పోసిన నాటిదంతా వచ్చి భుజాల మీద కూచున్నట్టుంది. ఇంట్లో చేస్తున్నావు కాబట్టి ఇక్కడా చెయ్యి. ఇక్కడ చేస్తున్నావు కాబట్టి ఇంట్లో చెయ్యడానికేం? ఈ గానుగకి ఎక్కడా ఆగడం లేదు. ఆ రోజు ఆమె పోషో, ఆ మొక్కజొన్న పిండి ముద్ద, నోట్లో పెట్టుకోలేదు. పరంజా గుంజలు పడేసిన చోటికి వెళ్ళి రెండు ఏరుకొచ్చి, బేసిను పక్కన పాతి, పైన అడ్డకర్ర కట్టింది. ఇరవై లీటర్ల నూనె డబ్బాని దానికి వేలాడదీసి, మూతికి తాడు కట్టి, తాడు రెండో కొసకి కింద ఒక పుల్ల కట్టింది. పుల్ల తొక్కితే డబ్బా వంగుతుంది, నీళ్ళు పడతాయి, చెయ్యి దేనికీ తగలనక్కర్లేదు. ఇదేమన్నా గొప్ప విద్యా? ఉగాండాలో బడికెళ్ళిన ప్రతివాడూ బడి దొడ్డి పక్కన దీన్ని తొక్కినవాడే. ఇంతమందిలో ఒక్కడికీ గుర్తు రాలేదు. ఎదురుగా ఆడమనిషి కూచునుంటే ఎందుకు గుర్తొస్తుంది?

మర్నాడు గంట కొడితే ఆమె దిగలేదు. కిందనుంచి మాగెంబే కేకేశాడు.

"నాముబిరూ! జనం నిలబడ్డారు!"

"తొక్కమనండి, నీళ్ళు పడతాయి."

"పెద్దవాళ్ళున్నారమ్మా, ఏం బావుంటుంది? చూడు, ఇష్టం లేకపోతే గేటు అదుగో. దాటితే మళ్ళీ రాలేవు, తెలుసుగా?"

ఆమె పరంజా మీదినుంచి వంగి చూసింది. "తెలుసండీ. నేను దాటితే ఈ గోడలకి మీరూ ఎవర్నీ తెచ్చుకోలేరు. నాకు తాపీ ఒక్కటే చాలు. రెండోది చెయ్యను."

లుబోవా, "కాలం చెడిపోయింది!" అని గొణుక్కుంటూ సిమెంటు చేతుల్తోనే పళ్ళెం అందుకోబోతే, వంటవాడు గరిటె అడ్డం పెట్టాడు. ముసలాయన వెనక్కి తిరిగి, అందరి మీదా కోపంగా పుల్లని ఒక్క తొక్కు తొక్కాడు. నీళ్ళు ధారగా మోచేతుల దాకా పడ్డాయి. మాగెంబే వెనుదిరిగాడు. నాముబిరు గోడవైపు తిరిగి మాలు విసిరింది.

సాయంత్రం పని దిగుతుండగా ఇంటినుంచి ఫోనొచ్చింది. కిగ్గుండు అనుకుంది. నకివాలా. గొంతు చిన్నబోయి ఉంది.

"అమ్మా, గేటెప్పుడు తీస్తారు?"

"ఇంకొంచెం పనుందమ్మా. ఏంటి, అలా ఉన్నావు?"

"మోకాలు చీరుకుపోయింది. నాన్నకి నీళ్ళు పొయ్యాలి కదా, గచ్చు మీద మోకరిల్లి..." అటునుంచి కిగ్గుండు కేక వినిపించింది, "ఏయ్, నీళ్ళేవే? ఆ ఫోను పడెయ్!"

నాముబిరు ఫోను చెవికి నొక్కుకుని గేటువైపు చూసింది. ఇక్కణ్ణించి ఇల్లు బోడా మీద కాసేపటి దారి. గేటు దాటితే తాపీ పోతుంది.

"నకివాలా, నే చెప్పేది విను. జగ్గు నాన్న ముందు పెట్టు. పెట్టి లేచి నిలబడు."

"నాన్న తిడతాడమ్మా."

"తిట్టనీ. నువ్వు మాత్రం ఫోను కట్టెయ్యకు. నేను ఇక్కడే ఉండి వింటుంటాను."