బడి బంట్రోతు అబుందియో

మా కొండపల్లెలో బడి కట్టింది మెక్సికో నగరంలో కూర్చున్న సర్కారు కాదు, మేము. రెండేళ్లపాటు ప్రతి శనివారం శంఖం ఊదగానే ఇంటికొకరు గడ్డపార పట్టుకుని కొండవాలుకు వెళ్ళాం. కూలి లేకుండా చేసే ఊరి పనిని మేము తెకియో అంటాం. కొండను తవ్వి చదును చేశాం, మట్టి తొక్కి ఇటుకలు పోశాం, రేకులు వీపుల మీద మోసుకొచ్చాం. ఆ పనికంతటికీ పెద్దను నేనే, ఫిదెన్సియాను. ఒక్క ఇంటి నుంచి మాత్రం పురుగు కూడా కదల్లేదు. అది దోన్ అబుందియో ఇల్లు.

అసలు కొండ తవ్వే ఖర్మ మాకెందుకు పట్టింది? గుడి పక్కనే చదునైన ఊరుమ్మడి నేల ఉంది. పన్నెండేళ్ళ కిందట అబుందియో ఊరి పెద్దగా ఉన్నప్పుడు అక్కడ బడి కట్టుకుంటామని అడిగాం. అప్పటికే ఆ నేలకు కంచె వేసి, మెస్కాల్ సారా కోసం కిత్తనార మొక్కలు నాటుకున్నాడు ఆ మహానుభావుడు.

"నది అవతలి ఊళ్ళో బడుంది కదా! మీ పిల్లలకి కాళ్ళు లేవా?" అన్నాడు.

ఉన్నాయి. ఆ కాళ్ళతోనే రోజూ నది దాటారు. ఆ సెప్టెంబరులో నా కూతురు ఒతీలియా దాటలేకపోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల. మూడో రోజున దొరికింది. దాని జ్ఞానస్నానం నాడు ఒళ్ళో పెట్టుకున్న జ్ఞానతండ్రి ఎవరనుకున్నారు? ఈ అబుందియోనే. ఆ వరసన నాకు కొంపాద్రే అయ్యాడు, నేను అతనికి కొమాద్రేను. థూ, ఏం చుట్టరికం! వాడి మెడలు ఎప్పుడు వంచుదామా అని పన్నెండేళ్ళు పళ్ళు నూరుకున్నాను.

బడి పూర్తయ్యాక మరో పేచీ వచ్చింది. పదిహేను మంది పిల్లలుంటేనే టీచరమ్మను పంపుతామన్నారు సర్కారువాళ్ళు. మాకు పదకొండు మందే. నది అవతలి గట్టున మా ఊరివే మూడిళ్ళు ఉన్నాయి. వాళ్ళూ ఇటుకలు పోశారు. వాళ్ళ పిల్లలు నలుగుర్నీ కలిపితే లెక్క సరిపోతుంది. అయితే నది మీద వంతెన పడేదాకా ఒక్క పిల్ల కాలు కూడా నీళ్ళలో పడకూడదని నేను పట్టుబట్టాను.

"అయితే బడికి ఏడాది బంట్రోతు కావాలి," అన్నాడు సభలో ఇప్పటి ఊరి పెద్ద నిసేఫొరో. "గంట కొట్టాలి, ఊడవాలి, ఆ నలుగుర్నీ మోసి నది దాటించాలి. ఎవరి పేరు చెప్తారు?"

మా ఊరి కొలువుల్లో బంట్రోతు మొదటి మెట్టు. మీసాలు రాని కుర్రాళ్ళకు ఇస్తారు. సభ పేరు పెట్టాక కాదంటే ఊరి నీళ్ళు బంద్, చచ్చాక శ్మశానంలో చోటు బంద్.

నేను లేచాను. "దోన్ అబుందియో."

సభంతా గొల్లుమంది. అబుందియో కూడా నవ్వాడు. "మతి పోయిందా కొమాద్రే? ఊరేలినవాణ్ణి, పిల్లల ముక్కులు తుడవమంటావా?"

"ఊరేలావులే. బంట్రోతుగా ఎప్పుడు చేశావో చెప్పు."

నవ్వులు ఆగిపోయాయి. కింది కొలువు చేయకుండా పై కొలువెక్కడం మా దగ్గర లేదు. అతని బంట్రోతు ఏడు ఏదో ఎవరికీ గుర్తు రాలేదు, ముసలి సెనోబియాకు తప్ప.

"ఎప్పుడూ చెయ్యలేదర్రా!" అంది ఆవిడ. "వీడి వంతొచ్చిన ఏడు నడుం నొప్పని మంచమెక్కాడు. పండగనాడు మాత్రం తెల్లారేదాకా చిందులేశాడు సన్నాసి!"

చేతులు లేచాయి. చిట్టచివర అతని సొంత తమ్ముడి చెయ్యి కూడా లేచింది.

మర్నాటి నుంచి నేను చాప అల్లుకుంటూ గట్టున కూర్చున్నాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పంట్లాం మడుచుకుని, నడుముకు తాడు కట్టుకుని, వీపు మీద ఒక్కో పిల్లనూ మోసుకుంటూ వగర్చేవాడు. ఊరంతా చూసేది.

"నిదానం కొంపాద్రే," అనేదాన్ని. "నీకు కాళ్ళు లేవా?"

ఆ మాట అన్నరోజు నాకు అన్నం సయించేది. అబద్ధమెందుకు, ఎంతో హాయిగా ఉండేది.

అక్టోబరులో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగోనాటి పొద్దున నది ఎర్రగా పొంగి ఉంది. అవతలి గట్టున తల్లులు పిల్లల్ని పట్టుకుని నిలబడ్డారు. అబుందియో నడుంలోతు వరకు దిగి వెనక్కొచ్చేశాడు.

"ఇవాళ తేను కొమాద్రే. ఏం చేసినా సరే తేను. పిల్ల చేజారితే దాని తల్లికి నేనేం చెప్పాలి?"

"నాకేం చెప్పావో ఆమెకీ అదే చెప్పు."

అసలు నాకు ఏం చెప్పాడని? పిల్లను పాతిపెట్టిన నాడు కూడా నా గడప తొక్కలేదు.

"నీకు నేనేం చెప్పలేదు," అన్నాడు.

"ఇప్పుడు చెప్పు."

తల వంచుకున్నాడు. "బడి కట్టనివ్వలేదు నేను. ఒతీలియా నా వల్లే పోయింది."

"అది నాకు తెలుసు. అవతలివాళ్ళకు వినపళ్ళేదు. గట్టిగా చెప్పు."

వెనక్కి చూశాడు. బడి అరుగు మీద టీచరమ్మ, నిసేఫొరో, పదకొండు మంది పిల్లలు మమ్మల్నే చూస్తున్నారు. నేను కదల్లేదు. అతను నోటికి అటూ ఇటూ చేతులు పెట్టుకుని అరిచాడు. నది హోరులో వాళ్ళకు వినపడలేదు, ఏమిటని చేతులూపారు.

"మళ్ళీ," అన్నాను.

"ఒతీలియాని చంపింది నేనే!" గొంతు చిరిగేలా అరిచాడు. "నేనే చంపాను!"

ఈసారి వినపడింది. అవతల ఒక తల్లి తన పిల్లను వెనక్కి లాక్కుంది. అబుందియో బురదలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నేను క్షమించానని ఎవరైనా చెబితే నమ్మకండి.

"లే," అన్నాను. "పదకొండు మంది ఎదురుచూస్తున్నారు. పోయి గంట కొట్టు."