పదిహేడు టిక్కులు

పొద్దున పదకొండింటికి టైలర్ వదిన కత్తెర కింద పెట్టేసింది. నాటక సంస్థ నుంచి వచ్చిన తనిఖీ ఆవిడ తన ల్యాప్‌టాప్‌ని కుట్టుబల్ల మీద పెట్టి ఇటు తిప్పింది. చూస్తే అందులో వదిన నమూనాకి గీసిన రాణి గౌను! చేతుల అంచున పూసలతో సహా!

"మీ కంప్యూటర్‌లోంచే వచ్చిందండీ. పాస్‌వర్డ్ కూడా అడగలేదు. ఈ బిల్డింగ్ వైఫై వాడే ఎవరికైనా ఇలాగే కనిపిస్తుంది."

తెర లేచేదాకా వేషాలు ఎవరి కంటా పడకూడదన్నది సంస్థ షరతు. కుట్టాల్సినవి మొత్తం నలభై వేషాలు! ఇరవై ఏళ్లుగా ఊరివాళ్ల ప్యాంట్లు పొట్టి చేస్తూ వదిన కలగన్న పని అది.

"నాలుగింటికి మళ్లీ వస్తాను. బాగైతే డ్రాయింగుల పెన్‌డ్రైవ్ మీకిస్తాను. లేకపోతే వేరే టైలర్‌ని చూసుకోవాలి, ఏమనుకోకండి."

ఆవిడ మెట్లు దిగిందో లేదో, వదిన ఫోనందుకుంది. పావుగంటలో మరిది ఊడిపడ్డాడు. ఆ కంప్యూటర్‌లో విండోస్ బదులు లైనక్స్ పెట్టింది అతనే. ఏ రిపేరుకొచ్చినా ఏదో ఒక ప్రోగ్రాం ఎక్కించి, "మొదలవగానే దానంతటదే లేవాలి" అని టిక్కు పెట్టి పోయేవాడు. పెట్టకేం చేస్తాడు? "పవర్ బటన్ తర్వాత నాచేత రెండోది నొక్కించావంటే కత్తెర పుచ్చుకుంటా" అని ఆర్డరేసింది వదినే! అలా పోగైన టిక్కులు పదిహేడు. కంప్యూటర్ తెరుచుకునేలోపు వదిన తీరిగ్గా నాలుగు గుండీలు కుట్టేది.

"ఓస్ ఇంతేనా!" అంటూ మరిది పదిహేడూ టకటకా తీసేసి రీస్టార్ట్ కొట్టాడు. క్షణాల్లో తెరుచుకుంది. ఈలేశాడు. ఈల సగంలోనే ఆగిపోయింది. వైఫై లేదు. బొమ్మలు గీసే పెన్ను కదలడం లేదు. ఐదు నిమిషాలు వదిలేస్తే దానికదే లాకయ్యే స్క్రీను పది నిమిషాలైనా బార్లా తెరుచుకునే ఉంది.

"ఎలుకలున్నాయని ఇల్లు తగలెట్టావు కదరా నాయనా!" వదిన నెత్తి కొట్టుకుంది. "కచ్చా కుట్టు విప్పేటప్పుడు పరపరా లాగేస్తామా? ఒక్క దారం తీస్తాం, బట్ట నిలబడిందో లేదో చూస్తాం, అప్పుడు రెండోది. అన్నీ మళ్లీ పెట్టు. జరుగు!"

ప్యాట్రన్లు గీసే కాగితం పరిచి సుద్దముక్క అందుకుంది. ఒక్కో పేరూ రాయడం, ఒక్కటే ప్రశ్న వేయడం.

"ఇది ఎవరి కోసం లేస్తోంది?"

"మా ఇంట్లోంచే నీ మౌస్ కదపడానికి వదినా. మూడేళ్ల కిందట నా కాలు విరిగినప్పుడు పెట్టా."

"ఇప్పుడు విరిగిందా?"

"లేదు."

"తీస్తావా, విరగ్గొట్టనా?"

తీశాడు. రీస్టార్ట్. అన్నీ పనిచేస్తున్నాయి. సుద్దతో ఒక కొట్టివేత.

"ఇదేంటి?"

"ప్రింటర్‌ది."

"ప్రింటర్ అమ్మేసి రెండేళ్లయింది, వీడింకా డ్యూటీకొస్తున్నాడా! తీయ్. ఇది?"

"చదరంగం."

"నాకు చదరంగం రాదే!"

"నాకొచ్చుగా" అన్నాడు మరిది. అదీ పోయింది. స్క్రీన్ లాక్, వైఫై, పెన్ను, అప్‌డేట్లు, సౌండు మాత్రం నిలిచాయి. మూడూ నలభైకి పన్నెండు కొట్టివేతలు! వదిన విజయగర్వంతో నడుం విరుచుకుంటుంటే మరిది తన ఫోన్లో చూసి కెవ్వుమన్నాడు.

"వదినా! గౌను ఇంకా కనిపిస్తోంది!"

ఇరవై నిమిషాలే ఉంది. వదిన కాగితంకేసి చూసింది, కంప్యూటర్‌కేసి చూసింది.

"ఈ లిస్టులో ఉన్నవి ఎప్పుడు లేస్తాయి?"

"నువ్వు పాస్‌వర్డ్ కొట్టాక."

"మరి అంతకంటే ముందే లేచేవి?"

మరిది నోరు తెరిచాడు. "ఫోల్డర్లు పంచేది! అది కంప్యూటర్‌తో పాటే లేస్తుంది వదినా, ఈ లిస్టులో కనపడదు!"

"పైబట్ట విప్పాం, లైనింగ్ మర్చిపోయాం. కొట్టు!"

కమాండ్లు కొట్టే నల్లటి విండో తెరిచి ఒక లైనుతో దాన్ని ఆపాడు, ఇంకో లైనుతో మళ్లీ లేవకుండా చేశాడు. రీస్టార్ట్. ఇద్దరి తలలూ ఫోన్ మీదికి వంగాయి. ఖాళీ! ఏమీ లేదు!

సరిగ్గా నాలుగింటికి తనిఖీ ఆవిడ వచ్చింది. ఒకసారి వెతికింది. అనుమానంగా రెండోసారి వెతికింది.

"ఒక్క తలుపు కూడా తెరిచి లేదే!"

ఆవిడ రిపోర్టు రాసుకుంటుండగానే వదిన స్క్రీను దానంతటదే లాకైంది. ఆవిడ కళ్లు మెరిశాయి. "చాలామంది కంగారులో దీన్ని కూడా పీకేస్తారండీ. మీరెలా ఉంచారు?"

మరిది సీలింగ్ ఫ్యాన్‌కేసి శ్రద్ధగా చూశాడు.

"కుట్టేవాళ్లం కదండీ, ఏ దారం పట్టుకుని ఉందో తెలుస్తుంది" అంది వదిన.

పెన్‌డ్రైవ్ ఆవిడ చేతిలోంచి వదిన చేతిలోకి మారింది. నలభై వేషాలు! ఆవిడ వెళ్లగానే మరిది గొంతు సవరించుకున్నాడు. "వదినా, ఆ చదరంగం ఒక్కటీ..."

"నా కత్తెరేదిరా?"

మరిది మెట్ల మీద మాయం. వదిన నవ్వుకుంటూ కంప్యూటర్ ఆపి మళ్లీ నొక్కి, పాస్‌వర్డ్ కొట్టింది. అలవాటుగా గుండీల డబ్బా దగ్గరికి లాక్కుని, దారం కొస తడిచేసి, సూది కంటి దగ్గర పెట్టింది.

దారం ఇంకా దూరలేదు. కంప్యూటర్ అప్పుడే తెరుచుకుని కూర్చుంది.