కమ్లి కళ్లంలో గాలిమోటరు

ఎనభైతొమ్మిది ఎన్నికల రోజులు. ప్రతిపక్షాన్ని తూర్పారబట్టడానికి ఒక పెద్ద నాయకుడు గాలిమోటరులో త్రిపురారం వస్తున్నాడు. అక్కడి తండాలో లచ్చిరాం, అతని భార్య కమ్లి మాత్రం తమ వడ్లే తూర్పారబట్టుకోలేక కూర్చున్నారు. నాయకుడికి మైకు చాలు, వడ్లకు గాలి కావాలి. గాలి కబుర్లకు కొదవ లేదు గానీ ఆకు కదిలితే ఒట్టు! ఫ్యాన్లు బిగించే ట్రాక్టర్లన్నీ మర్నాటి సభకు జనాన్ని తోలడానికి పోయాయి. తూర్పున మబ్బు పట్టింది. తాలు కలిసిన కుప్ప తడిస్తే వడ్లు మొలకెత్తి పంటంతా పోయినట్టే.

పైగా హెలిప్యాడు వాళ్ల కళ్లానికి కాస్త అవతలే వేశారు. సున్నం గీతలు గీయించిన కోదాడ సూపర్‌వైజర్ దేవదాసు పొద్దున్నే పరుగెత్తుకొచ్చాడు.

"లచ్చిరాం, ఆ కుప్ప ఎత్తెయ్యవయ్యా! ట్రయలుకు ఇవాళ ఖాళీ మోటారు వస్తుంది."

"తూర్పార పట్టకుండ యాడికి ఎత్తాలె సారూ? తాలుకు గూడ బస్తాలు కుట్టాల్నా?"

"పోనీ, పరదా కప్పి రాళ్లు పెట్టు. నా ఉద్యోగం ఎగిరిపోద్ది!"

"మీ నౌకరీ మీద గూడ ఓ రాయి పెడ్తం తియ్యుండ్రి," అంది కమ్లి.

మధ్యాహ్నం గాలిమోటరు నేల మీద దిగింది, దేవదాసు టోపీ కాలువలో దిగింది. హోరు తగ్గినా రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. ఇంజను చల్లారేదాకా తిప్పాలట. పరదా అంచు కింద తాలు ఒక్కటే లేచిపోవడం కమ్లి కంటపడింది. గింజ మాత్రం కదల్లేదు.

"ఏయ్, చాట అందియ్!" అని మొగుణ్ని కేకేసి ముక్కాలి పీట ఎక్కింది. చాట ఎత్తి ఒంపింది. గింజలు కాళ్ల దగ్గర పడ్డాయి, తాలు వెళ్లి దేవదాసు మీద పడింది.

అంతలో రెక్కలు నెమ్మదించాయి.

"సారూ, ఆపొద్దని చెప్పుండ్రి!"

"ఎట్టా చెప్పేది? పైలటుకా తెలుగు రాదు, నాకా హిందీ రాదు."

"జర మబ్బు సూడుండ్రి సారూ."

దేవదాసు మబ్బును చూశాడు, కుప్పను చూశాడు. పైలటు ఎదురుగా నిలబడి, లేని చాట నెత్తికెత్తి, లేని వడ్లు ఒంపి, ఉన్న చేతులు జోడించాడు. ఆ మూగ దరఖాస్తులో ఒక్క పొల్లు పోలేదు. పోవాల్సిన పొల్లంతా ఆయన చొక్కా మీదే ఉంది.

ఏ రైతు ఇంట్లో పుట్టాడో, పైలటు పగలబడి నవ్వి బొటనవేలు చూపించాడు. రెక్కలు మళ్లీ ఊపందుకున్నాయి. లచ్చిరాం అందించాడు, కమ్లి ఒంపింది, కుప్ప కాస్తా రాశి అయింది.

కళ్లంలో సాయం పట్టినవాళ్లను వట్టి చేతులతో పంపడం ఆ తండాలో లేదు. కమ్లి చాటెడు వడ్లు మూటగట్టింది.

"గాలికి కూడా కూలేనా అమ్మా?" అన్నాడు దేవదాసు.

"గాలికి గాదు, గాలి తెచ్చినోనికి. మీకు గూడ పోస్త. టోపీ పట్టుండ్రి... అయ్యో, కాలువల పాయె గద!"

పైలటు మూటను కళ్లకద్దుకుని, నాయకుడు కూర్చోవాల్సిన సీట్లో పెట్టి బెల్టు బిగించాడు.

సాయంత్రం వాన కుమ్మేసింది. సభ రద్దయింది. లచ్చిరాం ఇంట్లో బస్తాలు పొడిగా ఉన్నాయి. వాటి పక్కనే చూరు కింద తల తుడుచుకుంటున్న దేవదాసుకు చాయ్ అందిస్తూ కమ్లి అడిగింది:

"మళ్ల ఎలచ్చన్లు ఎప్పుడు సారూ? జర యాసంగి కోతలప్పుడు పెట్టుమనుండ్రి."