మాస్టారి గడియారం, నాగేంద్రం లెక్క

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. గోడ గడియారంతోనో చేతి గడియారంతోనో నన్ను పోల్చారంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. వాటికి పొద్దస్తమానం తిరగడమే పని. నేను మీట నొక్కితే కదులుతాను, మళ్లీ నొక్కితే ఆగుతాను. ఈ మధ్యలో ఎంతసేపైందో సెకనులో అయిదోవంతు తేడా రాకుండా చెబుతాను. కీ ఇస్తే చాలు, బ్యాటరీల గొడవ లేదు. మొహమాటం అసలే లేదు.

నేను పుట్టిన ఊరి పేరు నా వీపు మీద చెక్కి ఉండేది, అరిగిపోయింది. నాకు ఊహ తెలిసింది దేవసహాయం మాస్టారి మెడలోనే. ఆయన మునిసిపల్ బళ్లో డ్రిల్లు మాస్టారు. నల్లతాడుతో నన్ను మెడలో వేసుకుని, ఈల నోట్లో పెట్టుకుని ఇరవై ఆరేళ్లు ఎర్రటి ఎండలో నిలబడ్డారు. మొదటొచ్చినవాడు రొప్పుకుంటూ వచ్చి ముందు నా మొహం చూసేవాడు. చివరొచ్చినవాడి టైము ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ గెలిచినవాళ్లంటేనే ఇష్టం.

మాస్టారు రిటైరయ్యాక ఆయన కూతురు ప్రేమలీల నన్ను తీసుకుంది. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ల డిప్లొమా, ఆఖరి సంవత్సరం. తోటి విద్యార్థి సుభానీతో కలిసి, అయిదో తరగతి పిల్లలకు భిన్నాలు నేర్పే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేసింది. ఆమెకు చిన్నప్పుడు భిన్నాలంటే చలిజ్వరం వచ్చేది. నాన్న పనిచేసే బళ్లోనే, వెనక బెంచీలో కూర్చుని, అర్థం కాలేదని చెప్పలేక లోలోపల కుమిలిన పిల్ల. "నాలాంటి దానికి ఒక్కదానికి అర్థమైతే చాలు సుభానీ" అని రోజుకోసారి అనేది. తెర మీద కుడి మూలన టిక్కు టిక్కుమని తిరిగే గడియారం బొమ్మ పెట్టారు. ఎవరి బొమ్మనుకున్నారు? నాదే! నన్ను బల్ల మీద పెట్టుకుని, చూస్తూ మరీ గీశాడు సుభానీ. ఆ రోజు నా సంబరం చెప్పనలవి కాదు.

ఒక బళ్లో పరీక్షించి చూసి, పిల్లలకు అర్థమవుతోందని తేలితే జూన్ నుంచి ఊళ్లో పన్నెండు మునిసిపల్ బళ్లలోనూ పెడతామన్నారు మునిసిపల్ ఆఫీసు పైవాళ్లు. ప్రేమలీల తను చదివిన బడినే ఎంచుకుని, నాలుగు పేజీల ప్రణాళిక రాసింది. ఎనిమిది మంది పిల్లలు కావాలి. ఒక్కొక్కరూ విడిగా కూర్చోవాలి. మధ్యలో ఎవరూ సాయం చేయకూడదు. ఒక్కో ప్రశ్నకు ఎంతసేపు పట్టిందో నాతో కొలవాలి. అంతా పకడ్బందీగానే ఉంది. కాకపోతే మర్యాదస్తురాలు కదా, ఆ కాగితాలను ప్రశ్నలతో సహా వారం ముందే బడికి పంపింది. కొంప మునిగింది అక్కడే.

బడికి ఎవరైనా వస్తున్నారంటే మన టీచర్లు ఏం చేస్తారో మీకు తెలియనిదా? అయిదో తరగతి సుందరమ్మ టీచరు మంచి మనిషి. పిల్లలంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే, ఇదీ ఓ ఇన్‌స్పెక్షనే అనుకుంది. ముందు బెంచీల్లోంచి ఎనిమిది మందిని ఏరి, వారం రోజులు ఆ ప్రశ్నలకే జవాబులు వల్లె వేయించింది. అసలు రోజున వాళ్లకు నున్నగా తలలు దువ్వించి కూర్చోబెట్టింది. వెనక బెంచీలవాళ్లను ఆటలకు తోలేసింది.

ఎనిమిది మందికి ఎనిమిది మందీ అన్నీ కరెక్టే. మూడు సెకన్లు, నాలుగు సెకన్లు, మళ్లీ మూడు. "చూశావా లీలా, మన పిల్లలు చిచ్చరపిడుగులు!" అంటూ టీచరు కాగితాల మీద సంతకం పెట్టేసింది. సుభానీ గాల్లో తేలాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. గంట నుంచీ అంకెలు చూపించి మొత్తుకుంటున్నా పట్టించుకున్న నాథుడు లేడు.

సాయంత్రం టీ తాగుతూ ఆ కాగితం చూసిన దేవసహాయం మాస్టారు కళ్లజోడు సవరించుకున్నారు.

"ఏందమ్మా ఇది? ప్రశ్న చదవడానికే పది సెకన్లు పట్టుద్ది గదా. మూడు సెకన్లకే జవాబెట్టా నొక్కారు?"

ప్రేమలీల కాగితం లాక్కుని అంకెలు మళ్లీ మొదట్నుంచీ చూసింది.

"ఈల ఊదకముందే పరిగెత్తారు వీళ్లు. నేనైతే ఈ పందెం రద్దుచేసేవాణ్ణి" అన్నారు మాస్టారు.

సంతకమైన కాగితం చేతిలోనే ఉంది. ఫైల్లో పెట్టేస్తే అడిగేవాడు లేడు. సుభానీ ఫోన్‌లో అదే అన్నాడు: "అయిపోయిందాన్ని మళ్లీ కెలకడమెందుకు లీలా? ఈసారి తప్పితే మొత్తం పోద్ది."

"పన్నెండు బళ్లు సుభానీ. ప్రతి బళ్లోనూ ఓ వెనక బెంచీ ఉంటది" అంది ప్రేమలీల. అని, ఆ కాగితం నిలువునా చింపేసింది. అప్పుడనిపించింది నాకు, ఈ పిల్ల మాస్టారి కూతురే అని.

సోమవారం చెప్పాపెట్టకుండా బడికి వెళ్లింది. ప్రశ్నలు అక్కడికక్కడే మార్చింది. హాజరుపట్టీ చూసి చీటీలు రాసి, సుద్దముక్కల డబ్బాలో వేసింది.

"వెనక బెంచీ వాళ్లు గూడానా? మా పరువు తీస్తావా ఏంది?" అంది సుందరమ్మ టీచరు.

"పరీక్ష పిల్లలకు కాదు టీచర్, నాకు."

మూడో చీటీలో నాగేంద్రం అనే పిల్ల పేరొచ్చింది. వచ్చి కూర్చుంది. మొదటి ప్రశ్న తెర మీదికొచ్చింది. నిమిషం అయింది. రెండయింది. చెయ్యి కదలదు. సాయం చేయకూడదన్న రూలు తనదే కాబట్టి ప్రేమలీల పెదవి కొరుక్కుంటూ నిలబడింది. మొద్దు పిల్ల అనుకున్నాను నేను. పాపం శమించుగాక! నాలుగు నిమిషాలకు ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగేసరికి ప్రేమలీల నన్ను ఆపి, పక్కన కూలబడింది.

"ప్రశ్న అర్థం కాలేదా తల్లీ?"

"అయిందక్కా."

"మరి?"

నాగేంద్రం తెర కుడి మూలకు వేలు చూపించింది. "అది తిరుగుతుంటే భయమేస్తంది. లెక్కంతా మర్చిపోతన్నా."

ప్రేమలీల తెర మీద నన్ను చూసింది, తర్వాత గుప్పిట్లో నన్ను చూసింది. తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఇరవై ఆరేళ్లుగా నా వంక చూసిన పిల్లల్లో ఎంతమంది ఇలా వణికారో నేనెప్పుడైనా కొలిచానా?

సుభానీ ఆ మధ్యాహ్నమే తెర మీది నా బొమ్మ తీసేశాడు. ప్రణాళికలో ప్రేమలీల ఒక వాక్యం కలిపింది: గడియారం పిల్లలకు కనపడకూడదు.

గురువారం మళ్లీ చీటీలు, మళ్లీ కొత్త ప్రశ్నలు. చీటీల్లో వచ్చిన ఎనిమిది మందిలో ఆరుగురు సరిగ్గా చేశారు. తప్పిన ఇద్దరూ ఎక్కడ తడబడ్డారో ప్రేమలీల రాసుకుంది. ఆఖరున, చీటీతో పనిలేకుండా, నాగేంద్రాన్ని పిలిచింది. నేను చున్నీ మడతలో దాక్కుని తిరుగుతున్నాను. సగానికి నాలుగోవంతు కలిపితే ఎంత అన్నది ప్రశ్న. పిల్ల తీరిగ్గా చదివింది. వేళ్లు ముడిచింది, విప్పింది. కిటికీ బయటికి చూసింది. ఉన్నట్టుండి మొహం వెలిగింది.

"అరకి పావు కలిస్తే ముప్పావు గదక్కా! చెక్కర తెచ్చేది నేనే గదా మా ఇంట్లో!"

నొక్కింది. కరెక్టు. ప్రేమలీల పిల్లను ఎత్తుకుని గిరగిరా తిప్పేసింది. సుందరమ్మ టీచరు దగ్గరికొచ్చి, "ఇది మా నాగేంద్రమేనా!" అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ సందట్లో నన్నెవరు చూస్తారు? చున్నీలోనే తిరిగాను. బస్సులో తిరిగాను. ఇంటికొచ్చాక కొక్కేనికి వేలాడుతూ, కీ అయిపోయేదాకా తిరుగుతూనే ఉన్నాను.

జూన్‌లో సాఫ్ట్‌వేర్ పన్నెండు బళ్లకూ వెళ్లింది. ఆ గురువారం కాగితం ఇప్పటికీ ప్రేమలీల ఫైల్లో ఉంది. నాగేంద్రం పేరుకెదురుగా జవాబు గడిలో టిక్కు ఉంది, టైము గడి ఖాళీగా ఉంది. ఎంతసేపు పట్టిందని నన్నడక్కండి. నన్ను ఆపడం ఎవరైనా మరిచిపోయింది ఆ ఒక్కసారే.