టర్నిప్ అనే పాస్‌వర్డ్

...అయినా సభ్యుల పాస్‌వర్డులు చదవడం సభ్యత కాదని నాకు తెలియక కాదు, చదవలేదు కూడా, కంట్లో పడ్డాయంతే, ఆరేళ్ల క్రితం ఈ పడవల క్లబ్బుకి సైటు కట్టినప్పుడు డేటాబేసులో ఒక్కో సభ్యుడికీ ఒక్కో డాక్యుమెంట్ తెరిచి పేరు, పడవ, పాస్‌వర్డ్ ఉన్నవున్నట్టు రాసిపెట్టింది నేనే, పాస్‌వర్డుని నలిపి గుర్తుపట్టలేని అక్షరాల ముద్దగా మార్చి దాచాలని అప్పుడూ తెలుసు, తర్వాత చూద్దాంలే అనుకున్నాను, దాచాల్సింది దాచకపోతే దోచేవాడికి పని తగ్గుతుంది, పక్క రేవు క్లబ్బు సైటులోకి ఎవడో దూరాడని విన్నాక ఇవాళ కూర్చున్నాను, రెండువందల పన్నెండు డాక్యుమెంట్లు, బయట డెర్వెంట్ నది మీది గాలికి పడవల తాళ్లు స్తంభాలకేసి టకటకా కొట్టుకుంటున్నాయి, మార్చే ముందు ఒక్కటి సరిచూద్దామని తెరిస్తే అది ఫెర్గస్‌ది, తెరిస్తే ఏమిటి, పేరు కొట్టి మరీ వెతికాను, పాస్‌వర్డ్ టర్నిప్, పక్కనే మార్చుకున్న తేదీ, పోయిన నెల.

టర్నిప్ మా పడవ, ఫెర్గస్ షెడ్డులో హ్యూయాన్ పైన్ చెక్కతో రెండు చలికాలాలు ఇద్దరం కట్టాం, ముక్కు టర్నిప్ దుంపలా వచ్చిందని ఆ పేరు, పేరు మహిమేమో దాని దుంప తెగింది, ఫెర్గస్‌ని అడక్కుండా నేనెవడికో ఇచ్చాను, వాడు రాళ్లకు కొట్టాడు, పడవ పోయి గొడవ మిగిలింది, ఇంకెప్పుడూ నీ మొహం చూపించకు క్లైవ్ అన్నాడు, మూడేళ్లుగా చూపించలేదు, మరి పోయిన నెల కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవలసి వస్తే, లోకంలో ఇన్ని మాటలుండగా, ఆ దుంపే ఎందుకు తట్టింది వాడికి.

అయిందా లేదా క్లైవ్, నాలుగింటికి కమిటీ, మా కార్యదర్శి నోలీన్ టీ కప్పుతో వచ్చి నిలబడింది, ఆగమ్మా, లాగిన్‌లు లాగితే రావు, నీ జోకులు నీ దగ్గరే ఉంచుకో మహానుభావా, సభ్యులకేం రాయమంటావ్, భద్రత పెంచాం, పాస్‌వర్డులు మార్చుకోండి అంటే చాలదూ, చాలు అనబోయి మీట నొక్కాను, రెండువందల పన్నెండూ ముద్దయ్యాయి, టర్నిప్ ఉన్నచోట అర్థంలేని అక్షరాలు, వాటిలోంచి ఆ మాటని ఇక నేను కూడా వెనక్కి తీయలేను, ఇప్పుడది వాడి తలలోనూ నా తలలోనూ తప్ప ఎక్కడా లేదు, ఏమీ ఎరగనట్టు వెళ్లి తలుపు తట్టి ఇంకో పడవ కడదామా అనొచ్చు, సరే అంటాడు, అంటాడని ముందే తెలిసిపోవడమే తంటా, అప్పుడు పడవ, ఇప్పుడు పాస్‌వర్డ్, రెండుసార్లూ వాణ్ని అడక్కుండానే తీసుకున్నాను, చాలదు నోలీన్, ఆరేళ్లుగా అందరి పాస్‌వర్డులూ తెరిచే ఉన్నాయని రాయి, క్లైవ్ చేసిన పని అని రాయి, కమిటీ నిన్ను ఉతికి ఆరేస్తుంది తెలుసా, ఆరెయ్యనీ, ఫెర్గస్‌కి మాత్రం పంపకు, అదేం, వాడిది చదివాను, అది నేనే వెళ్లి చెప్పాలి.